అదిమిన రొట్టె

మిల్లు ఆఫీసుకు ఇరవై నాలుగు అదిమిన రొట్టెలు కావాలి, పన్నెండు గంటలకు బండి వస్తుంది, ఇప్పుడు పదకొండు. పొడుగు రొట్టెలు పొద్దున్నే ఖమ్మం బేకరీ నుంచి బస్సులో వచ్చాయి, సంచి మూతి విప్పగానే పులిసిన పిండి వాసన పైకి లేచింది. సరళ ఒక రొట్టెను బల్ల మీద పెట్టి రంపపు పళ్ల కత్తితో అడ్డంగా చీల్చింది. కుడి చేతిలో కత్తి ఉంది, ఎడమ చెయ్యి రొట్టెను పట్టుకుని ఉంది. పట్టుకుని ఉందని చూస్తేనే తెలుస్తుంది. చూడకపోతే ఆ చివరి రెండు వేళ్లు రొట్టె మీద ఉన్నాయో బల్ల మీద ఉన్నాయో తెలియదు. ఆరేడు నెలలుగా ఇంతే. చల్లటి నీళ్లలో గిన్నెలు కడిగితే ఇట్లా అవుతుందనుకుంది, చేతి మీద తల పెట్టి పడుకుంటే ఇట్లా అవుతుందనుకుంది. నిన్న పదిన్నరకు సర్కారు దవాఖానాలో డాక్టరు దానికి పేరు చెప్పాడు. కుష్ఠు. ఆమె సరే సారూ అంది. సిస్టరు గ్లాసుతో నీళ్లిస్తే ఆమె ముందే మాత్రలు మింగింది. మిగతా నెలకు మందుల అట్ట చేతిలో పెడితే సంచిలో టిఫిన్ డబ్బా కింద పెట్టుకుంది. ఇంటికొచ్చి బియ్యం కడిగింది. స్కూలు నుంచి వచ్చిన కూతురు భాను జడ విప్పుకుని ముందు కూర్చుంటే నూనె సీసా తీసి, మళ్లీ మూత పెట్టి, పోయి ఆడుకోమంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు గోడకు ఆనుకుని చూసింది. రాలేదు. తెల్లారి లేచి పనికి వచ్చింది.

చీల్చిన రొట్టె లోపలి వైపు నూనె పూసి, పచ్చటి ముద్ద రాయాలి. కేఫ్ వెనక కుండీల్లో పెంచే ఆకు అది, తులసిలాంటిదే కానీ దేవుడికి పెట్టరు, ఇటలీ వాళ్ల తులసి అని దీపిక మేడం చెప్పింది. వెల్లుల్లి, జీడిపప్పు, నూనె వేసి రుబ్బితే ముద్ద. దాని మీద ఉప్పు చల్లి నీళ్లు ఓడ్చిన టమాటా ముక్కలు, కాల్చిన వంకాయ బిళ్లలు, జున్నులా తెల్లగా ఉండే చీజు. పైరొట్టె మూసి మిషన్లో పెట్టి మూత దించాలి. మిషన్ పని మొదలుపెట్టిన రోజు మేడం అదిమిన రొట్టె చూపిస్తూ, "దీన్ని పనీనీ అంటారు సరళక్కా" అంది. సరళకు పని నీది అని వినబడింది. "నాదా మేడం? నాకు రాదు గద" అంది. దీపికకు అర్థం కావడానికి కాసేపు పట్టింది, అర్థమయ్యాక నవ్వుతూ స్టూలు మీద కూలబడింది. "అవును, ఇక నుంచి పని నీదే" అంది. దీపికది సత్తుపల్లి వైపు, పొలాలున్న ఇల్లు. భర్త ఉదయ్ భాస్కర్ మిల్లులో ఇంజనీరు. హైదరాబాదులో నేర్చుకొచ్చిన వంటలతో సారపాక మెయిన్ రోడ్డు మీద ఈ కేఫ్ పెట్టింది. మూడేళ్లయింది. గిన్నెలు కడగడానికి వచ్చిన సరళ ఆరు నెలల్లో మిషన్ దగ్గరికి వచ్చింది. ఇప్పుడు మేడం ముందు గల్లా దగ్గర ఉంటే వెనక అంతా ఆమే. భర్త కోటేష్ జామాయిలు కర్ర లారీ మీద ఉంటాడు, వారానికి రెండు మూడు రోజులు ఇల్లు చూస్తాడు. రేపు వస్తాడు. అతనికి ఇంకా చెప్పలేదు. ఫోన్లో చెప్పే మాట కాదనుకుంది, ఎదురుగా కూర్చుంటే ఎట్లా చెప్పాలో కూడా తెలియదు.

మొదటి నాలుగు మిషన్లో ఉన్నాయి. మూత మీద చెయ్యి వెయ్యనక్కర్లేదు, దాని బరువే అదుముతుంది. చీజు కరిగి అంచుల్లో బుడగలు వచ్చే వరకు ఆగాలి. ఆగినప్పుడే ఇబ్బంది, చేతుల్లో పని లేకపోతే వీధిలోంచి యశోద మళ్లీ కళ్ల ముందుకు నడిచి వస్తుంది. యశోద ఆశా వర్కరు, వారం కింద చేతిలో కాగితాల పుస్తకంతో సరళ వాళ్లుండే కిరాయి గదుల వరసంతా తిరిగింది. ఒంటి మీద మచ్చలున్నాయా, స్పర్శ లేని చోటు ఉందా అని ఇంటింటికీ అడుగుతోంది. లేవు అనబోయి సరళ జాకెట్టు చెయ్యి పైకి లాగింది. మోచేతి కింద పాలు ఒలికి ఆరిపోయినట్టు ఒక మచ్చ. ఎండకు వచ్చిందేమో అక్కా అంది. యశోద నవ్వలేదు. కళ్లు మూసుకోమంది, ముట్టినప్పుడల్లా అవ్ అనమంది. సరళ గడప మీద కూర్చుని కళ్లు మూసుకుంది. పక్క గదిలో టీవీ, రోడ్డు మీద లారీ గేరు మార్చిన చప్పుడు, ఎవరో పోపు పెట్టిన వాసన, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. ఎంతసేపటికీ యశోద మొదలుపెట్టదు. "జల్దీ ముట్టు అక్కా, పనికి పోవాలె" అంది. యశోద గొంతు చిన్నగా వచ్చింది. "నాలుగు సార్లు ముట్టిన సరళా." కళ్లు తెరిచి చూస్తే పెన్ను మొన ఇంకా మచ్చ మధ్యలోనే ఆని ఉంది. తన చేతినే, తన కళ్ల ముందే, ఎవరిదో చేతిని చూసినట్టు చూసింది.

బుడగలు వచ్చాయి. మూత లేపితే రొట్టెల మీద గోధుమరంగు గీతలు వరసగా పడి ఉన్నాయి. ఈ గీతలు మొదటిసారి చూసిన రోజు ముందే ఎక్కడో చూసినట్టనిపించి చూపు తిప్పుకుంది. మేడం ఒక ముక్క కోసి రుచి చూడమంటే ఉపవాసమని అబద్ధం చెప్పి తప్పించుకుంది. ఇంటికెళ్లి పడుకున్నాకగానీ అది ఏమిటో తెలియలేదు. ఆ గీతలు మోదుగాకు ఈనెలు. గోరి దాదీ రొట్టె మీద ఉండే ఈనెలు.

జూలూరుపాడు దగ్గర సరళ పుట్టిన తండాలో పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ప్రతి ఇంట్లోంచి జొన్నరొట్టె కొట్టే చప్పుడు. పీట మీద అరచేతులు టపటపమంటూంటే కళ్లు మూసుకుని నడిచినా ఎవరి ఇంటి ముందున్నావో చెప్పొచ్చు, ఒక్కొక్కరిది ఒక్కో వరస. దాదీ గుడిసెలో ఆ చప్పుడు ఉండదు. ఆమె గుడిసె తండాలో లేదు, చెలక చివర అడవి మొదలయ్యే చోట ఉంది. ఆమె సరళ తండ్రి రెడ్యాకు తల్లి. వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి, అరచెయ్యి తెరుచుకోదు, రొట్టె కొట్టలేదు. ఇంటి నుంచి పంపే తిండిని చెలక గట్టు మీది బండ మీద పెట్టి వచ్చేవాళ్లు, అది చల్లారి చీమలు పట్టేది, అందుకని పిండి మాత్రం పంపమని ఆమే చెప్పింది. రెండు మోదుగాకుల మధ్య పిండిముద్ద పెట్టి, పైన ఒక పలక రాయి పెట్టి, మోకాళ్ల మీద లేచి రెండు మోచేతులూ దాని మీద ఆనించి ఒళ్లంతా వంచి అదిమేది. రాయి తీస్తే గుండ్రటి రొట్టె. ఆకులతో సహా పెనం మీద వేస్తే ఆకు మాడి ఊడొచ్చేది, ఈనెలు రొట్టె మీద నిలిచిపోయేవి. ఒక రొట్టె మీద పుంటికూర పచ్చడి రాసి, ఇంకో రొట్టె మూసి, మళ్లీ రాయి. పచ్చడి రొట్టెలోకి దిగేది. లోకంలో ఎక్కడైనా ఎవరైనా అట్లా చేస్తారని అప్పుడు తెలియదు. దాని కోసం మిషన్ ఉంటుందని, ఆ మిషన్ మీద తను నిలబడుతుందని తెలియదు.

తొమ్మిదేళ్లప్పుడు బడి నుంచి వస్తూ దారి తప్పి చెలక వైపు వెళ్లింది. దారి తప్పడం కాదు, వాసన. దాదీ ఆమెను చూసి చెయ్యి అడ్డం పెట్టింది. "రావొద్దు బిడ్డా, ఆడ్నే ఉండు, ముట్టకు." తర్వాత ఆకులో రొట్టె పెట్టి కట్టెతో ముందుకు తోసింది. "ఆకు పట్టుకోని తిను." మర్నాడూ వెళ్లింది. ఆ తర్వాత రోజూ వెళ్లింది. దాదీ రోజూ రావొద్దు అనేది, రోజూ ఇద్దరికి సరిపడా చేసి ఉంచేది. సరళ తింటుంటే దూరంగా కూర్చుని చూసేది. పచ్చడి కారమై సరళ ముక్కు ఎగబీలిస్తే పళ్లు లేని నోటితో నవ్వేది. ఎన్ని రోజులు అట్లా జరిగిందో గుర్తులేదు, మోదుగ పూలు పూసి రాలిపోయేంత కాలం. ఒకరోజు తల్లి పూలి సరళ గౌను మీద పుంటికూర మరక చూసి నోరు వాసన చూసింది. వెల్లుల్లి. ఆ రోజు ఇంట్లో వెల్లుల్లి లేదు. "ఏడ తిన్నవే?" పూలి చింతబరిక అందుకుంది. రెండు దెబ్బలు కాళ్ల మీద పడ్డాయి, మూడోది పడకముందే నోట్లోంచి మాట వచ్చేసింది. "దాదీనే పిలిచింది. తినకపోతె కొడ్తా అన్నది."

మళ్లీ నాలుగు మిషన్లో పెట్టి మూత దించింది. అవీ తీస్తే ఎనిమిది అయ్యాయి. అయినవాటిని వాలుగా కోసి నూనె కాగితంలో చుట్టి అట్టపెట్టెలో నిలబెట్టింది. చుట్టడం ఎడమ చేతికి కష్టం, కాగితం జారిపోతుంది, బొటనవేలు చూపుడువేలుతో లాక్కొస్తోంది. ముందు నుంచి మేడం గొంతు, ఎవరికో కాఫీ ఇస్తూ నవ్వుతోంది. నిన్న డాక్టరు కూడా మంచివాడే. పనేం చేస్తావని అడిగితే తిండి చేస్తానని చెప్పింది, చెప్పి తల వంచుకుంది. "చెయ్యి అమ్మా, ఏం పర్వాలే. ఇది తిండితో అంటేది కాదు, మందు మొదలైనంక నీ నుంచి ఎవరికీ రాదు. కానీ పొయ్యి కాడ జాగ్రత్త. నీ చెయ్యి నీకు చెప్పదు, కండ్లే చెప్పాలె" అన్నాడు. ఏడాది మందులు. ఇంట్లోవాళ్లను తీసుకొస్తే పరీక్ష చేసి వాళ్లకూ ఒక డోసు ఇస్తామన్నాడు. ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేమన్నాడు. ఇన్ని మాటల్లో ఆమె అడిగింది ఒక్కటే. "సారూ, మందులు వాడినంక వంకర వేళ్లు సాపైతయా?" డాక్టరు ఆమె వేళ్లు చాచి చూసి, నీవి బాగానే ఉన్నాయిగా అన్నాడు. ఆమె అట్లాగే చూస్తుంటే చెప్పాడు. "ముందే వంకర పోయినయ్ మందుతోని సాపు కావు. క్రిమి చస్తది, రోగం పోతది, వేళ్లు గట్లనే ఉంటయ్. మనోళ్లు వేళ్లు చూసి రోగం ఇంకా ఉందనుకుంటరు."

రోగం పేరు విన్నప్పుడు కాదు, అప్పుడు. డాక్టరు చాచిన చీటీ అందుకోవడం మరిచిపోయింది అప్పుడు. ఎందుకంటే గుడిసె చూరులో దాదీ దోపిన మందుల అట్టలు గుర్తొచ్చాయి. అన్నీ ఖాళీవి, వరసగా, ఎండకు మెరిసేవి. సైకిలు మీద వచ్చే నర్సమ్మ ఒకరోజు చెలక గట్టు మీద నిలబడి గట్టిగా అన్న మాట గుర్తొచ్చింది, "అయిపోయింది పెద్దమ్మా, నీకు తగ్గింది, ఇగ మందులు అక్కర్లే." సరళ అప్పుడు రెండో తరగతి. ఆ తర్వాత కూడా దాదీ చెలక చివరే ఉంది, ఆ తర్వాత కూడా తిండి బండ మీదే పెట్టారు, ఆ తర్వాత రెండేళ్లకు జీపు వచ్చింది. ఎక్కడో దూరాన ఇట్లాంటివాళ్లను ఉంచుకునే ఆశ్రమం ఉందన్నారు. పిల్లలను పిలుచుకుని తిండి పెడుతోందంటే ఇక ఉంచేది లేదని పెద్దలు తేల్చారు. రెడ్యా జీపు ముందు సీట్లో కూర్చున్నాడు, దాదీని వెనక గోనెసంచి పరిచి కూర్చోబెట్టారు. సరళ ఇంటి తడక వెనక నిలబడి చూసింది. దాదీ తడక వైపు చూసిందో లేదో తెలియదు. ఏడవలేదు దాదీ. ఆశ్రమంలో రెండేళ్లు బతికిందట. చనిపోయిందని కబురు వచ్చేసరికి అక్కడే మట్టిచేశారు. దాదీ పిలిచిందన్నది అబద్ధమని సరళ ఎవరికీ చెప్పలేదు, తల్లికి చెప్పలేదు, ఆ తల్లి కూడా పోయింది, కోటేష్‌కు చెప్పలేదు. చెప్పకుండా ఉండడానికి ఏమీ కష్టపడలేదు. అది ఎక్కడో ఉండిపోయింది, ముట్టినా తెలియని చోట.

పన్నెండు రొట్టెలు అయ్యాయి. పదహారు అయ్యాయి. ఇంకో నాలుగు లోపల పెట్టి మూత దించి, పక్కన పళ్లెంలో టమాటా ముక్కలు సరిచేస్తోంది. మాంసం కాలుతున్న వాసన వచ్చింది. ఈ కేఫ్‌లో మాంసం వండరు. ఎదురు బిర్యానీ హోటలేమో అనుకుంది. కిటికీ మూసి ఉంది. అప్పుడు తెర పక్కకు జరిపి దీపిక లోపలికి వచ్చింది, వచ్చి అరిచింది.

"సరళక్కా! చెయ్యి! చెయ్యి తియ్యి!"

చూస్తే ఎడమ చెయ్యి మిషన్ అంచుకు ఆని ఉంది, చిటికెన వేలు నుంచి మణికట్టు దాకా. దీపిక ఆ చేతిని పట్టి లాగి పంపు కింద పెట్టింది. నీళ్లు పడుతున్నాయి. చర్మం తెల్లబడి, అంచుల్లో ఎర్రగా, ఒకచోట ఊడి వచ్చింది. సరళ దాన్ని చూస్తోంది. దీపిక ముఖం నొప్పితో ముడుచుకుపోయి ఉంది, కాలింది తనకే అయినట్టు.

"మంట పుట్టట్లేదా నీకు? అలా ఎలా పెట్టుకుని నిలబడ్డావు?"

అబద్ధం నాలుక మీదికి వచ్చేసింది. వెతుక్కోనక్కర్లేకుండా, అంతా సిద్ధంగా, చింతబరిక ముందు వచ్చినట్టే వచ్చింది. నువ్వు గట్టిగ పిలిచినవ్ గద మేడం, ఉలిక్కిపడి ఆనించుకున్న. ఇంకొకరి మీద పెడితే చాలు, అయిపోతుంది. దీపిక నమ్ముతుంది, తన తప్పేనని బాధపడుతుంది కూడా. సరళ నోరు తెరిచింది. నీళ్లు పడుతూనే ఉన్నాయి.

"నాకు ఆ చేతికి తెలుస్తలేదు మేడం" అంది. "కుష్ఠు అన్నరు. నిన్ననే చెప్పిండ్రు. మందు మొదలువెట్టిన."

దీపిక చెయ్యి వదిలేసింది. వదలాలని వదల్లేదు, వేడి గిన్నె ముట్టుకున్నట్టు దానంతటదే వచ్చేసింది. ఒక అడుగు వెనక్కు వేసింది. ఆ అడుగు వేసినట్టు తనకే అప్పుడు తెలిసినట్టు కింద నేల వైపు చూసుకుంది. తలెత్తకుండానే దీపిక, "ఏ డాక్టరు?" అంది. సరళ కుడి చేత్తో సంచిలోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు. దీపిక చీటీ మీది నంబరు దూరం నుంచే చదివి ఫోన్ పట్టుకుని వెనక తలుపు దాటి కుండీల దగ్గరికి వెళ్లింది.

కిటికీ అద్దంలోంచి దీపిక కనబడుతోంది. మాట్లాడడం తక్కువ, వినడం ఎక్కువ. ఒకసారి నుదురు పట్టుకుంది. మిషన్లో నాలుగు ఉన్నాయి, చీజు బుడగలు వచ్చాయి, బుడగలు నల్లబడుతున్నాయి. తియ్యాలి. పట్టకారు అక్కడే ఉంది. సరళ తియ్యలేదు. ముట్టొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు. డాక్టరు ముట్టొచ్చన్నాడు, కానీ ఇది డాక్టరు వంటిల్లు కాదు. మాడు వాసన గదంతా నిండింది. ఆమె రెండు చేతులూ ఛాతీకి ఆనించుకుని, ఒకటి కాలి, ఒకటి బాగానే ఉండి, ఏది ఎక్కడుందో సరిగా తెలియకుండా నిలబడింది. భాను ఇప్పుడు మధ్యాహ్నం అన్నానికి వరసలో నిలబడి ఉంటుంది అనుకుంది. ఎందుకనుకుందో తెలియదు.

దీపిక ఫోన్ చెవి దగ్గర ఉండగానే పరుగున వచ్చి మూత లేపింది. నాలుగూ మాడిపోయాయి. పట్టకారుతో తీసి పళ్లెంలో వేసింది. ఫోన్ పెట్టేసి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. ఒకసారి కడుక్కుని, తువ్వాలు అందుకోబోయి, మళ్లీ కడుక్కుంది. కడుక్కుంటూ సరళ వైపు తిరగకుండానే మాట్లాడింది.

"ఏం కాదంట. నువ్వు మందు వేసుకున్నావు కాబట్టి ఎవరికీ రాదంట. ఆయన నన్నే కోప్పడ్డారు, చదువుకున్నదానివి ఇదేం ప్రశ్న అని." పంపు కట్టేసింది. "నాకు భయంగానే ఉంది సరళక్కా. లేదని అబద్ధం చెప్పను."

"అవ్ మేడం."

"ఆ కాలినదానికి కట్టు కట్టించుకో, ఇవాళ్టికి నువ్వు మిషన్ దగ్గరికి రాకు. ఇంకా ఎనిమిది ఉన్నాయిగా, నేను చేస్తా. ఎంతసేపు ఉంచాలో చెప్పు, నాకు గడియారం చూస్తే గానీ తెలీదు."

సరళ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని చెప్పింది. ఇప్పుడు తియ్యి మేడం. ఇంకొంచెం. ఆ, తియ్యి. బుడగల చప్పుడు విని చెప్పింది, చూడకుండా. దీపిక కోసి చుట్టింది. చివరి పెట్టె మూసేసరికి బండివాడు వచ్చి హారన్ కొట్టాడు. ఇరవై నాలుగూ వెళ్లిపోయాయి. దీపిక కట్టుగుడ్డ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. సరళ తానే చుట్టుకుంటుంటే చూసింది. గుడ్డ జారిపోయింది. మళ్లీ చుట్టింది, మళ్లీ జారింది. మూడోసారి దీపిక ముందుకు వచ్చి, వేళ్ల చివర్లతో పట్టుకుని, ముడి వేసింది. ముడి వేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టి ఉందని సరళకు తెలిసింది. ఊపిరి బిగబట్టి అయినా ముడి గట్టిగానే వేసింది.

"ఇంటికెళ్లు ఇక. రేపు రా" అంది.

చిన్నప్పుడు తండాలో తలుపుల మీద సుద్దతో ఆ మాట రాసేవాళ్లు. ఊళ్లో దయ్యం తిరుగుతోందని పుకారు. అది వచ్చి తలుపు మీద రేపు రా అని చదివి వెళ్లిపోతుందని, మర్నాడూ అదే చదువుతుందని, రేపు ఎప్పటికీ రాదని. సరళ సంచి భుజానికి వేసుకుని తలుపు దాకా వెళ్లి ఆగింది.

"ఎన్నింటికి మేడం?"

దీపిక బల్ల తుడవడం ఆపి చూసింది. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో ఆమెకు అర్థమైందో లేదో.

"ఎప్పటిలాగే. తొమ్మిదింటికి" అంది. "ఆకు రుబ్బాలిగా, నాకు నీలా రాదు."

కేఫ్ వెనక మెట్టు మీద సరళ కూర్చుంది. ఎండ తిన్నగా పడుతోంది. సంచిలో మాడిపోయినవి నాలుగూ ఉన్నాయి, ఎవరూ తినరు కదా అని తెచ్చుకుంది. ఫోన్ తీసి కోటేష్ నంబరు చూసి, దాటేసి, కిందికి జరిపింది. బా. తండాలో తండ్రిని అట్లా, తల్లిని యాడీ అని పిలుస్తారు, ఫోన్లోనూ అట్లాగే రాసి పెట్టుకుంది. నాలుగు సార్లు మోగాక రెడ్యా ఎత్తాడు. వెనకాల మేకల గంటలు. అన్నం తిన్నవా బిడ్డా అనో, భాను బాగుందా అనో అడగబోతున్నాడు, ఆమె అడగనివ్వలేదు. వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ భాషలోనే. ఆ భాషలో ఆ మాటలు ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా, లోపల కూడా, అనుకుని చూడలేదు.

"బా, ఆ పొద్దు దాదీ నన్ను పిలువలె. నేనే పోయిన. దినాం నేనే పోయిన. యాడీ కొడ్తదని అబద్ధం చెప్పిన."

గంటల చప్పుడు. మేకల్లో ఒకటి దగ్గింది. లైను తెగిపోయిందేమోనని ఆమె ఫోన్ చూసుకుంది.

"నాకెరుకే" అన్నాడు రెడ్యా.

"ఎప్పటి సంది?"

"ఆ పొద్దే. జీపుల చెప్పింది. నేను పిలువలేదు నాయనా, బిడ్డకు ఆకలైతె వచ్చింది, దాన్ని మల్ల కొట్టకుండ్రి అని." గొంతు సవరించుకున్నాడు. "గంతే చెప్పింది."

"మరెందుకు దింపకపోతివి?"

అవతల మేకను అదిలించాడు.

"జీపు అప్పటికే కదిలింది బిడ్డా" అన్నాడు.

ఆమెకు కోపం రావాలి, లేదా భారం దిగాలి, రెంటిలో ఏదో ఒకటి. రెండిటి కోసమూ ఎదురుచూసింది. ఇన్నేళ్లూ తనొక్కతే మోసిందనుకున్నదాన్ని ఈయన కూడా, పత్తి ఏరుతూ, మేకలు తోలుతూ, అన్నం తింటూ, మోస్తూనే ఉన్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా. రోడ్డు మీద జామాయిలు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"నాకు గూడ అదే వచ్చింది బా" అంది. "దాదీకి వచ్చిందే. ముందుగాలనే దొరికింది, మందులున్నయ్. ఏడాదిల తగ్గుతదన్నరు."

మేకలను చూడమని రెడ్యా ఎవరికో కేకవేయడం వినబడింది. మళ్లీ ఫోన్లోకి వచ్చాడు.

"ఏడున్నవ్ ఇప్పుడు? నేనొస్తున్న. బస్సుకు వస్తున్న, పొద్దుగూకే వరకు వస్త."

దాదీకి కూడా తగ్గింది బా, పంపేనాటికే తగ్గింది అని చెప్పాలి. పెదవుల దాకా వచ్చింది. కానీ ఇది అబద్ధం కాదు కాబట్టి తొందరలేదు, రేపటికీ ఎల్లుండికీ నిజంగానే ఉంటుంది. ఆయన వచ్చి, కాళ్లు కడుక్కుని, కూర్చున్నాక చెప్పాలి. ఎదురుగా కూర్చుని చెప్పాలి.

"తిన్నవా?" అంది.

"లే."

"ఒక చెయ్యి కాలింది. ఇంకోటి బాగనే ఉంది. రొట్టె చేసి ఉంచుత. నా చేతి రొట్టె."

అవతల మళ్లీ మేకల గంటలు. ఈసారి ఆమె ఫోన్ చూసుకోలేదు, కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చుంది.

"ఉంచు" అన్నాడు రెడ్యా.